మడత చాకు

మా కళాశాలలో నా జేబుల మీద ఒక ఛలోక్తి ప్రచారంలో ఉన్నది. "మాస్టారికి ఎడమ జేబులో కలం, కుడి జేబులో కత్తి. చెయ్యి ఎటు పోతున్నదో చూసి మరీ మాట్లాడండి" అంటారు. కలం సంగతి ఎవరికీ పట్టదు. చాకు దగ్గరే పేచీ. "పాఠం చెప్పుకొనేవాడికి చాకెందుకండీ?" అని అడిగినవారందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక తగ్గిపోయి, ఆ జవాబేదో ఒక్కసారి కాగితం మీద పెడుతున్నాను. చాకు కొనాలనో, చెప్పి చేయించుకోవాలనో అనుకొనేవారికి నా పొరపాట్లు ఉపయోగపడితే మరీ మంచిది.

నిజానికి రాసేవాడికీ చాకుకీ ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. తాటాకుల కాలంలో అక్షరం గీయడానికి గంటం ఎంత అవసరమో, ఆకు అంచులు సమంగా కోసుకోవడానికి కత్తి అంత అవసరం. ఆ రెండింటినీ ఒకే పిడిలోకి మడిచి పెట్టుకొనే సాధనం దక్షిణదేశంలో ఉండేది. ఒక కొసన గంటం, రెండో కొసన కత్తి. తమిళులు దాన్ని మడక్కెళుత్తాణి అన్నారు. అంటే మడిచే గంటం. ఇంగ్లీషువారు చిన్న చాకును ఈనాటికీ పెన్‌నైఫ్ అంటున్నారంటే, ఈకకలం పాళీ చెక్కుకొన్న రోజుల జ్ఞాపకమే అది. 'చాకు' అనే మాట మాత్రం మనది కాదు. పారశీకం నుంచి ఉర్దూకి, ఉర్దూ నుంచి మనకూ వచ్చి, మన ఇంటి మనిషై కూర్చున్నది.

మా ఇంటికి చాకు తాతగారి కాలంలో వచ్చింది. షెఫీల్డులో తయారైనది. అలుగు మొదట్లో ఒక చుక్క, ఒక శిలువ ముద్ర. అలుగు అంటే చాకులో కోసే రేకు. తాతగారు పోయాక అది మా నాన్నగారి జేబులోకి వచ్చింది. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. పొద్దున బడి తెరవగానే పిల్లలు బలపాలు చెక్కించుకోవడానికి ఆయన బల్ల ముందు వరసలో నిలబడేవారు. మధ్యాహ్నం జామకాయ, సాయంత్రం వక్క. రాత్రి పడుకొనేముందు గుడ్డతో తుడిచి, చీల దగ్గర ఒక చుక్క నూనె వేసి, దిండు పక్కన పెట్టుకొనేవారు.

నా కుడి చూపుడువేలి మీద ఈనాటికీ ఒక తెల్లని గీత ఉన్నది. తొమ్మిదో ఏట ఆ చాకు దొంగిలించి, మామిడి టెంకను మొనతో పొడిచి పగలగొట్టబోయాను. చాకు దానంతట అది మడతపడి వేలి మీదికి వచ్చింది. నాన్నగారు పసుపు అద్ది కట్టుకట్టి, దెబ్బ వేయకుండా ఒక్క మాట అన్నారు. "చాకు తప్పు లేదురా. అది కోసేది గాని, పొడిచేది కాదు."

ఆయన పోయాక ఆ చాకు నాది అయింది. 2022 డిసెంబరులో ఒక సదస్సుకు విమానంలో బయలుదేరి, పెట్టెలు అప్పగించేసి, తనిఖీ దగ్గర జేబులు ఖాళీ చేస్తూంటే చేతికి తగిలింది. పెట్టెలో వేసి సామానుతో పంపి ఉంటే ఏ ఇబ్బందీ లేదు. మనిషితోపాటు విమానంలోకి మాత్రం రానివ్వరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ మరిచిపోయాను. తనిఖీ చేసే అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. వెనక్కు పోయి ఎవరికైనా ఇచ్చి రావడానికి వేళ లేదు, ఇవ్వడానికి మనిషీ లేడు. పక్కనున్న డబ్బాలో వదిలాను. టప్ మని చిన్న చప్పుడయింది. సదస్సులో నేనేమి చదివానో జ్ఞాపకం లేదు గాని, ఆ చప్పుడు జ్ఞాపకమున్నది.

జేబులో రోజూ ఉండే వస్తువు పోతే దాని బరువు పోయిన చోట వెలితిగా ఉంటుంది. రెండు నెలలు ఓర్చుకొని, ఒక కొత్త చాకు కొన్నాను. బొమ్మ చూసి కొన్నాను. అదే నా మొదటి పొరపాటు. నల్లటి అలుగు, నాలుగంగుళాల పొడవు, వెన్ను మందం నాలుగు మిల్లీమీటర్లు. బొటనవేలితో నెడితే చాలు, ఠక్కున విచ్చుకొంటుంది. ఇంట్లో నాలుగైదుసార్లు తెరిచి మూసి మురిసిపోయాను కూడాను.

మార్చి నెల. జవాబుపత్రాల కట్టలు వచ్చాయి. పురికొస కోయడానికి చాకు తీసి ఠక్కుమనిపించాను. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని ఒకతె సంతకం కోసం గుమ్మంలో నిలబడి ఉన్నది. చాకు చూసి రెండడుగులు వెనక్కు వేసింది. నేను నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. సంతకమైన కాగితం దూరం నుంచే చెయ్యి చాచి తీసుకొని, నా ముఖం వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల అంతకుముందు ఎక్కడ ఏమి చూసిందో నాకు తెలియదు. అడిగే చనువు లేదు. మా నాన్నగారి చాకు ముందు పిల్లలు వరసలో నిలబడేవారు. నా చాకు చూసి ఒక పిల్ల వెనక్కు తగ్గింది. ఆ సాయంత్రం జామకాయ కోయబోతే అలుగు మందానికి కాయ తెగలేదు, గొడ్డలి తగిలిన కట్టెలా చీలింది. ఆ చాకు బీరువాలోకి పోయింది.

మా ఊరి బజారు వెనుక వీధిలో అడకత్తెరలు, కత్తిపీటలు చేసే ఆచారిగారు ఒకరున్నారు. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆయన దగ్గరకు వెళ్ళి, "మడత చాకు ఒకటి చేసి పెట్టాలండీ" అన్నాను.

"అడకత్తెరకు చీల కుదిర్చినవాడికి చాకు ఒక లెక్కా మాస్టారూ? చేస్తాను. రోజూ ఏం కోస్తారో ముందు అది చెప్పండి" అన్నారు.

"అన్నీ కోస్తానండీ."

"అన్నీ కోసేది ఏదీ సరిగా కోయదండీ. ఒక వారం రాసుకురండి."

విద్యార్థికి ఇంటిపని ఇచ్చినట్లు ఇచ్చి పంపించారు. నేనూ విద్యార్థిలాగే రాశాను. వారంలో మొత్తం నలభై ఒక్క కోతలు. పురికొసలు 12, కవర్లు, పుస్తకాల పొట్లాలు 9, పళ్ళు 8, మా అమ్మ మాత్రల పట్టీలు, పాల పొట్లాలు 6, పెన్సిళ్ళు 5, లాల్చీ గుండీకి వేలాడే దారం 1. సినిమాల్లో మాదిరి ఎవరినైనా ఎదిరించడం సున్న. ఆచారిగారు చీటీ చదివి, కళ్ళద్దాలు పైకి నెట్టుకొని, "ఇందులో దేనికండీ నాలుగంగుళాల కత్తి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

చాకు ఎంచుకోవడంలో మొదటి పాఠం అదే. చాకును చూసి పని వెతుక్కోకూడదు. పని రాసుకొని చాకును వెతుక్కోవాలి.

పొడవు రెండుంబావు నుంచి మూడంగుళాల లోపు ఉంటే ఇంటి పనీ, బడి పనీ అన్నీ సాగుతాయి. నా దానికి రెండుముప్పావు అనుకొన్నాం. ఫ్రాన్సులో ఓపినెల్ అనే కుటుంబం 1890 నుంచి కర్రపిడి మడత చాకులు చేస్తున్నది. చిన్నవాటి నుంచి పెద్దవాటికి అంకెలు వేసి అమ్ముతారు. అందులో బాగా వాడుకలో ఉన్న ఎనిమిదో నంబరు అలుగు కూడా ఎనిమిదిన్నర సెంటీమీటర్లే. చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం కింద చేసిన నిబంధనలలో, తొమ్మిదంగుళాలకు మించిన పొడవు గాని, రెండంగుళాలకు మించిన వెడల్పు గాని ఉన్న కత్తులు ఆయుధాల పట్టికలోకి వస్తాయి. ఇంటికీ, వ్యవసాయానికీ, పరిశ్రమకూ చేసినవాటికి మినహాయింపు ఉన్నది. మీట నొక్కితే విచ్చుకొనే చాకుల మీద ఢిల్లీ వంటి చోట్ల ఇంకా గట్టి కట్టుబాట్లున్నాయి. చట్టం ఒప్పుకొన్నంత మాత్రాన ఎదుటివారి మనసు ఒప్పుకోనక్కరలేదని నాకు గుమ్మంలోని అమ్మాయి ముందే చెప్పింది. కనుక నెమ్మదిగా, రెండు చేతులతో, గోటితో లాగి తెరిచే చాకే కావాలన్నాను.

మందం సంగతి చాలామంది పట్టించుకోరు. కోసేది మందం కాదు, పలచదనం. వెన్ను దగ్గర రెండు మిల్లీమీటర్లు చాలు. అక్కడినుంచి అంచు దాకా క్రమంగా సన్నబడుతూ రావాలి. మందపాటి అలుగు ఎంత పదునుగా ఉన్నా కాయలోకి దిగగానే మేకులా పనిచేస్తుంది. నా జామకాయ చీలింది అందుకే.

ఇనుము మాట వచ్చేసరికి నేను కొంచెం తెలివి ప్రదర్శించి, "తుప్పు పట్టని ఉక్కుతో చేయండి" అన్నాను. ఆచారిగారు తల అడ్డంగా ఊపారు. 1913లో షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ బయటపెట్టిన ఆ జాతి ఉక్కులో క్రోమియం పాలు ఎక్కువ. అది తుప్పును ఆపుతుంది. కాని చాలా ఎక్కువ వేడి, అదీ కొలిచినట్లుగా కొంతసేపు నిలిపి ఉంచితేగాని దానికి పదును పట్టదు. బొగ్గు కొలిమిలో కంటిచూపుతో చేసే పని కాదు. "నా చేతికి లొంగే ఇనుముతోనే నేను పూచీ పడతాను" అన్నారు. చేయించుకొనేవారు గుర్తుంచుకోవలసిన మాట ఇది. ఏది గొప్ప ఉక్కు అని కాదు, చేసే మనిషికి ఏ ఉక్కు వశమో అది అడగాలి.

ఆయన ఎంచుకొన్నది అరిగిపోయిన పాత ఆకురాయి. ఆకురాయిలో నూటికి ఒక పాలు, ఆ పైచిలుకు బొగ్గుసారం ఉంటుంది. అంచు ఎక్కువకాలం నిలుస్తుంది. వెన్నుబద్దకు లారీ కమానుపట్టీ ముక్క. అందులో బొగ్గుసారం దాదాపు సగమే. విరగకుండా వంగి లేస్తుంది. ఇదంతా చూస్తూ నాకు కోనసముద్రం జ్ఞాపకం వచ్చింది. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని ఆ ఊళ్ళో మూసలలో కరిగించిన ఉక్కుముద్దల కోసం పారశీక వర్తకులు వచ్చేవారని 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు రాసిపెట్టాడు. మన 'ఉక్కు' మాటే ఇంగ్లీషులో 'వూట్జ్' అయిందని పండితుల అభిప్రాయం. ఆ ఉక్కును మైకేల్ ఫారడేతో కలిసి పరిశోధించిన జేమ్స్ స్టోడర్ట్ లండనులో కత్తులు చేసే మనిషే. ఈ కథ చెబితే ఆచారిగారు "అలాగాండీ" అని తిత్తి ఊదుకొన్నారు.

ఇక మడత. మనిషి కత్తిని మడవడం నేర్చి రెండున్నరవేల ఏళ్ళు దాటింది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ తవ్వకాలలో ఎముక పిడి ఉన్న మడత చాకు దొరికింది. ఆనాటి నుంచీ సమస్య ఒక్కటే. తెరిచినప్పుడు మూసుకోకూడదు. మా తాతగారి చాకులో వెనుక బద్ద బిగువు తప్ప వేరే తాళం లేదు. అందుకే నా వేలి మీద గీత. ఓపినెల్ చాకుకు 1955లో తిరిగే ఉంగరం పెట్టారు. అమెరికాలో మైకేల్ వాకర్ అనే పనివాడు 1980ల మొదట్లో పిడి లోపలి రేకునే అడ్డుగడియగా మలిచి పేరు తెచ్చుకొన్నాడు. ఇంకొకటి పాత పద్ధతి. వెన్నుబద్దకు ఒక పన్ను, అలుగు మొదట్లో ఒక గంటు. తెరవగానే పన్ను గంటులో పడుతుంది. వెన్ను మీద నొక్కితేగాని వదలదు. ఆచారిగారు ఇదే చేస్తానన్నారు. నా వేలు చూపించాను. "అయితే తప్పకుండా ఇదేనండీ" అన్నారు.

పిడికి ఒకప్పుడు ఏనుగు దంతం, దుప్పి కొమ్ము వాడేవారు. షెఫీల్డు చాకులకు మన అడవుల దుప్పికొమ్మే ఓడలెక్కి వెళ్ళేది. ఇప్పుడు వన్యప్రాణి చట్టం వాటి వర్తకాన్ని ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే మంచిది. మా పెరట్లో గాలివానకు పడిపోయిన చింతమాను చేవ ఒక ముక్క తీసుకువెళ్ళాను. నల్లగా, ఇనుములా ఉన్నది. "చింత చచ్చినా పులుపు చావదంటారు గదా, చాకు తుప్పు పడుతుందేమో" అన్నాను హాస్యంగా. ఆయన నవ్వలేదు. ముక్కను నా గుప్పిట్లో పెట్టి, వేళ్ళు మూయమని, పెన్సిలుతో నా చెయ్యి చుట్టూ గీత గీసుకొన్నారు. అంగడిలో కొన్న చాకుకూ చేయించుకొన్న చాకుకూ తేడా ఆ గీతలోనే ఉన్నది.

అలుగుకు నీరు పెట్టేరోజు నన్ను రమ్మన్నారు. ఎర్రబడిన అలుగును పటకారుతో తీసి, పాడైపోయిన లౌడుస్పీకరు అయస్కాంతానికి ఆనించారు. అంటుకొన్నది. మళ్ళీ కొలిమిలో పెట్టారు. ఈసారి అంటుకోలేదు. దాదాపు 770 డిగ్రీల దగ్గర ఇనుము అయస్కాంతాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. అక్కడినుంచి ఇంకొంచెం వేడెక్కనిచ్చి, గోరువెచ్చని నూనెలో ముంచారు. సుయ్యిమన్నది. ఆ క్షణాన అలుగు గాజులాంటిది. కింద పడితే విరుగుతుంది. దాన్ని మెరిసేలా రుద్ది, సన్నని సెగమీద మళ్ళీ కాచారు. తెల్లని ఇనుము మీద లేత గడ్డిరంగు పాకింది. వెంటనే తీసేశారు. వెన్నుబద్దను మాత్రం గడ్డిరంగు దాటి, గోధుమరంగు దాటి, నెమలికంఠం నీలం వచ్చేదాకా కానిచ్చారు. "కోసేదానికి గడ్డిరంగు, వంగేదానికి నీలమండీ" అన్నారు. తెలుగులో పదును అంటే దుక్కికి తగిన తడి, కత్తికి తగిన వాడి, రెండూను. ఇరవై ఏళ్ళుగా ఆ మాటకు అర్థం చెబుతున్నాను. ఎక్కువైనా తక్కువైనా చెడిపోయేదాన్ని పదును అంటారని ఆనాడు కంటితో చూశాను.

చీల బిగించేటప్పుడు నూనె రాసిన పలుచని కాగితం సందున పెట్టి కొట్టారు. కాగితం లాగేస్తే మిగిలేపాటి సందే అలుగు తిరగడానికి చోటు. అది లేకపోతే చాకు తెరుచుకోదు, ఎక్కువైతే ఊగుతుంది. చాకు ఎక్కడ తీసుకొన్నా ముందు ఈ పరీక్ష చేయండి. తెరిచి, మొన పట్టుకొని అటూ ఇటూ కదపండి. ఊగితే వద్దు. మూసి, వెలుతురుకు అడ్డం పెట్టండి. మొన పిడిలో పూర్తిగా దాగాలి. లేకపోతే జేబు చిరుగుతుంది, తరువాత చెయ్యి.

మూడు వారాల పనికి ఆయన రెండున్నరవేలు అడిగారు. నా నల్లచాకుకు అంతకంటె ఎక్కువే పోశాను. బేరమాడలేదు. చాకు చేతికిస్తూ, మూసి, పిడి నా వైపు తిప్పి ఇచ్చారు.

ఈ జాతి ఇనుముకు సేవ కావాలి. మామిడి, నిమ్మ కోసి వదిలేస్తే నల్లబడుతుంది. వెంటనే తుడవాలి. ఆదివారం సానరాయి మీద పది నిమిషాలు. ఏటవాలు తెలియక తికమకపడేవారికి ఒక ఉపాయం. కాగితం మూలను సగానికి మడిస్తే నలభై అయిదు డిగ్రీలు, మళ్ళీ మడిస్తే ఇరవై రెండున్నర. దానికి ఒక వెంట్రుక తగ్గించి చాకును రాయిమీద ఆనించండి. పాత పత్రిక కాగితం చప్పుడు లేకుండా తెగితే చాలు.

ఆ ఏడు ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవంనాడు, మా సభామందిరంలో పిల్లలు తోరణాలు కడుతున్నారు. "సార్, మీ చాకు ఒకసారి ఇస్తారా? పురికొస తెగడం లేదు" అని ఒక అమ్మాయి వచ్చింది. తల ఎత్తి చూశాను. ఆనాడు గుమ్మంలో వెనక్కు తగ్గిన అమ్మాయే. ఇప్పుడు తృతీయ సంవత్సరం. చాకు మూసి, పిడి ఆమె వైపు తిప్పి ఇచ్చాను. ఎలా తెరవాలో, మూయడానికి వెన్నుమీద ఎక్కడ నొక్కాలో చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసింది.

"మా తాతయ్య దగ్గర ఇలాంటిదే ఉండేది సార్" అన్నది.

సాయంత్రం సభ అయ్యాక చాకు మూసి తెచ్చి ఇచ్చింది. రాత్రి తుడిచి నూనె వేయబోతే, చీల సందులో ఒక బంతిపూల రేకు ఇరుక్కొని ఉన్నది.